హిమాయత్‌నగర్‌లో ఇల్లు చూస్తున్నారా? పగలు ఒక్కసారి చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి

మ్యూజియానికి బుద్ధి పుట్టినప్పుడల్లా వెళ్లి రావాలి, సెకండ్ షో చూసి నడుచుకుంటూ ఇంటికి చేరాలి, రాత్రి పదిన్నరకి చాయ్ తాగాలనిపిస్తే కారు తీయకుండా దొరకాలి, అలాంటి చోట ఇల్లు ఎక్కడ చూడమంటావు అని అడిగేవాళ్లకి నేను హైదరాబాద్‌లో హిమాయత్‌నగర్ పేరే చెబుతాను. అందులో నారాయణగూడ, హైదర్‌గూడ, దోమలగూడ, బషీర్‌బాగ్ అంచులు కూడా కలుపుకోండి, ఎందుకంటే ఇక్కడ ఏ పేట ఎక్కడ అయిపోయి ఏది మొదలవుతుందో పోస్ట్‌మాన్‌కి తప్ప ఎవరికీ తెలీదు. ఏడో నిజాం పెద్దకొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు మీద వచ్చిన పేట ఇది, హిమాయత్ సాగర్‌కి ఉన్నదీ ఆయన పేరే. అంటే పాత పేట. పాత పేటలో ఇల్లు వెతకడం కొండాపూర్‌లో ఫ్లాట్ వెతికినట్టు కాదు, అక్కడ ఇల్లు చూస్తే చాలు, ఇక్కడ వేళ చూడాలి.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు, మెయిన్ రోడ్డు మీద రెండో అంతస్తు, మంచి బాల్కనీ, పాతకాలం పెద్ద గదులు, చూశాను, అడ్వాన్స్ ఇచ్చేశాను. మే నెల మధ్యాహ్నం మూడింటికి హైదరాబాద్‌లో ఏ రోడ్డయినా అగ్రహారంలాగే ఉంటుంది కదా. పక్క సందులో వైన్ షాపు ఉందని చూశాను గానీ, దాని పర్మిట్ రూమ్, అంటే కొన్న మందు అక్కడే కూర్చుని తాగే గది, సరిగ్గా నా పడకగది కిటికీ కిందే ఉందని చూడలేదు. పదకొండు నెలల అగ్రిమెంట్, మధ్యలో ఖాళీ చేస్తే రెండు నెలల అద్దె అడ్వాన్స్‌లోంచి కోత అని రాసుంది, సంతకం పెట్టేటప్పుడు అది కూడా చదవలేదు. పదకొండు నెలలూ ఉన్నాను. ఏ మనిషి ఏ పెగ్గు దగ్గర ఏడుపు మొదలుపెడతాడో చెప్పగలిగే స్థితికి వచ్చాను.

కాబట్టి ఇల్లు నచ్చితే మొదట చేయాల్సిన పని, శనివారం రాత్రి పదిన్నరకి మళ్లీ వెళ్లి కింద అరగంట నిలబడటం. లోపలికి వెళ్లక్కర్లేదు, ఓనర్‌కి చెప్పక్కర్లేదు. పర్మిట్ రూమ్ ఎక్కడుందో, దగ్గర్లో ఫంక్షన్ హాల్ ఉంటే బరాత్ ఏ గల్లీలోంచి పోతుందో చూడండి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరూ చెప్పనిది, పక్కన హోటల్ ఉంటే దాని వెనక వైపు ఎటు ఉందో చూడండి. హోటల్ ముందు భాగం పన్నెండింటికి మూసేస్తారు, వెనక గిన్నెలు తోమడం అప్పుడు మొదలవుతుంది, బిర్యానీ వండే పెద్ద డేగ్ సిమెంటు గచ్చు మీద ఈడ్చే చప్పుడు ఒకసారి విన్నారంటే జన్మలో మరిచిపోరు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్ స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది, డీజే గోల ఎక్కువైతే 100కి ఫోన్ చేయొచ్చు, చేస్తే తగ్గిస్తారు కూడా. డేగ్‌కి మాత్రం ఏ నియమమూ లేదు.

రెండోసారి పనిదినం ఉదయం ఎనిమిదిన్నరకి వెళ్లండి. నారాయణగూడ వైపు కాలేజీలు ఎక్కువ, ఆ టైంలో మీ గల్లీలోంచి బండి బయటికి తీయగలరో లేదో తేలిపోతుంది.

మూడోది వాన. పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్లగలిగితే మంచిది, కుదరకపోతే సెల్లార్‌లోకి దిగి గోడ మీద నీటి గీతలు చూడండి, సున్నం కొత్తగా వేశారంటే ఇంకా అనుమానించండి. హుస్సేన్ సాగర్ నిండినప్పుడు వదిలే నీళ్లు పోయే నాలా దోమలగూడ, అశోక్‌నగర్ మీదుగా వెళ్లి చివరికి మూసీలో కలుస్తుంది. నాలాకి దగ్గరి గల్లీల్లో అద్దె కొంచెం తక్కువ చెబుతారు, ఎందుకు తక్కువో జూలైలో తెలుస్తుంది. నాలా పొంగకపోయినా దోమలుంటాయి, దోమలగూడ అన్న పేరు ఊరికే రాలేదని మా అత్తయ్య అంటుంది (అసలు పేరు ఎలా వచ్చిందన్నది వేరే సంగతి, ఆవిడ ముందు ఆ మాట ఎత్తలేం).

ఇవన్నీ ఓనర్‌ని అడిగితే "అబ్బే, అలాంటిదేం లేదండీ" అంటాడు. బ్రోకర్‌కి తన నెల అద్దె కమీషన్ గురించే ధ్యాస. గల్లీ చివర ఇస్త్రీ బండి మనిషి ఉంటాడు చూడండి, ఆయన్ని అడగండి. నాలుగు చొక్కాలు ఇచ్చి, అవి అయ్యేదాకా అక్కడే నిలబడి మాట్లాడితే ఏ అపార్ట్‌మెంట్‌లో బోరు ఎండిపోయింది, ఏ ఓనర్ అడ్వాన్స్ తిరిగి ఇచ్చేటప్పుడు ఏడిపిస్తాడు, ఏ ఫ్లాట్ ఆరు నెలలకోసారి ఖాళీ అవుతోంది, అన్నీ బయటికొస్తాయి.

నీళ్ల గురించి కాస్త గట్టిగానే అడగాలి. నల్లా నీళ్లు చాలాచోట్ల రోజు విడిచి రోజు, అదీ ఒక వేళకి వస్తాయి. సంపు ఎంత పెద్దది, మోటారు ఎవరు వేస్తారు, ఎండాకాలం నెలకి ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుందా, విడిగా పంచుతారా? నెలకి 20 వేల లీటర్లు ఉచితం అని 2021లో మొదలైన పథకం ఉంది గానీ, దానికి నీళ్ల మీటరు ఉండాలి, ఆధార్ లింక్ చేయించి ఉండాలి. ఓనర్ ఆ పని చేశాడా లేదా అన్నది బిల్లు చూస్తే తెలుస్తుంది. ఆ బిల్లుతో పాటు పాత కరెంటు బిల్లు కూడా చూడండి, మీటరు మీ పోర్షన్‌కి విడిగా ఉందో లేదో చూసుకోండి. రెండు పోర్షన్లకి ఒకటే మీటరు ఉంటే యూనిట్లు పెరిగి పై స్లాబ్‌లో పడతారు, పక్కింటి ఏసీకి మీరు డబ్బు కడతారు.

పాత అపార్ట్‌మెంట్లలో గదులు పెద్దవి, గోడలు మందం, గాలి వస్తుంది, అది నిజమే. లిఫ్ట్ ఉండకపోవచ్చు, ఉన్నా అది పని చేసే రోజుల్ని పండగలా చూడాలి. రెండు ఏసీలు ఒకేసారి వేస్తే వైరింగ్ తట్టుకుంటుందా అని అడిగి వదిలేయకండి, వేసి చూడండి. బాత్రూమ్ పైకప్పు మూలల్లో పెచ్చులూడుతుంటే పై ఫ్లాట్ నుంచి నీళ్లు కారుతున్నట్టు, ఆ గొడవ మీ అగ్రిమెంట్ అయ్యేలోపు తేలదు. పార్కింగ్ ఒకటే, అదీ ఒక కారు వెనక ఇంకో కారు. వెనక ఉన్నవాళ్ల తాళాలు వాచ్‌మన్ దగ్గర ఉంటాయి, ఆయన ఊరికి పోతే మీరూ ఎక్కడికీ పోరు. నిజానికి ఇక్కడ కారు లేకుండా బతకడమే హాయి.

మరి ఏ ఇల్లు తీసుకోవాలి? నేను పెట్టుకున్న లెక్క, మెయిన్ రోడ్డు నుంచి ఒక్క మలుపు. హిమాయత్‌నగర్‌లో గల్లీలకి స్ట్రీట్ నెంబర్లు ఉంటాయి, ఒక నెంబరు గల్లీలోకి తిరిగి నాలుగైదు ఇళ్లు దాటితే చాలు, రోడ్డు మీద అంత హడావిడి ఉన్నా ఇంట్లో ప్రెషర్ కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టుకోవచ్చు. రెండు మూడు మలుపులు లోపలికి పోతే ఇంకా నిశ్శబ్దమే గానీ రాత్రి పన్నెండింటికి ఆటోవాడు రాడు, గల్లీ మొదట్లోనే దింపేసి పోతాడు, వీధి దీపాలు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మ్యూజియాల దగ్గర ఉంటున్నామని మొదటి నెలలోనే అన్నీ చూసేయకండి. దగ్గర ఉండటంలో సుఖమే అది, ఒక్కో గది చూసి వచ్చేయొచ్చు. నారాయణగూడలో మెట్రో ఎక్కితే సుల్తాన్ బజార్ తర్వాత ఎంజీబీఎస్, అక్కడ దిగి ఆటో ఎక్కితే కాసేపట్లో సాలార్‌జంగ్ మ్యూజియం. 1951 డిసెంబర్ 16న నెహ్రూ చేతుల మీదుగా సాలార్‌జంగ్ దేవిడీలో తెరిచారు, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. అందరూ ఎగబడేది గంటల గడియారం దగ్గర, గంట కాగానే గడ్డం బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి పోతుంది, పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కాబట్టి పదకొండున్నర నుంచే జనం కూర్చుంటారు. మీరు మంగళవారమో బుధవారమో పది గంటలకి తలుపు తీయగానే వెళ్లండి, ముసుగు రెబెక్కా విగ్రహం ముందు ఒక్కరే నిలబడొచ్చు, చలవరాయిలో పల్చటి గుడ్డ ఎలా చెక్కాడో తీరిగ్గా చూడొచ్చు. పదకొండు దాటినాక అందరూ గడియారం వైపు పోతారు, మీరు చేతిరాత పుస్తకాల వైపు పొండి. శుక్రవారం సెలవు, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికీ, చౌమహల్లాకీ శుక్రవారమే సెలవు, ఊరి నుంచి చుట్టాలు శుక్రవారం దిగుతారు, అది వాళ్ల జాతకం.

ఇంకోవైపు నాంపల్లి. బషీర్‌బాగ్ మీదుగా పబ్లిక్ గార్డెన్స్‌కి పొద్దున్నే నడిచి వెళ్లొచ్చు, అందులోనే రాష్ట్ర పురావస్తు మ్యూజియం, ఈజిప్టు మమ్మీ అక్కడే ఉంది. దాని ఎదురుగా నౌబత్ పహాడ్ గుట్ట మీద బిర్లా ప్లానెటోరియం, సైన్స్ మ్యూజియం. పిల్లలుంటే మీ ఆదివారాలు ఇక్కడే పోతాయి. ప్రాణహిత–గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టిన కోటసారస్ డైనోసార్ ఉంది, మా అబ్బాయి దాన్ని "మన ఊరి డైనోసార్" అంటాడు. చుట్టాలొస్తే ప్రతిసారీ మీరు గైడ్‌గా వెళ్లకండి, రెండుసార్లు వెళ్లి మూడోసారి మెట్రో ఎక్కించి పంపేయండి. లేకపోతే ఏడాదికి ఇరవైసార్లు ఆ గడియారం ముందు కూర్చోవాల్సి వస్తుంది.

రాత్రిళ్ల సంగతి ముందే చెప్పేస్తాను. పబ్బులు, డ్యాన్స్ ఫ్లోర్లే కావాలంటే ఇల్లు జూబ్లీహిల్స్ వైపు చూసుకోండి, ఇక్కడి నుంచి అర్ధరాత్రి వెళ్లి రావడం క్యాబ్ ఖర్చు, టెన్షన్. మెట్రో చివరి రైలు పదకొండు గంటల ప్రాంతంలోనే అయిపోతుంది. ఇక్కడి రాత్రి వేరే రకం. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్లలో సినిమా, హైదర్‌గూడలో బిర్యానీ, 1935 నాటి మొజంజాహీ మార్కెట్ రాతి కట్టడం ముందు కూర్చుని సీతాఫలం ఐస్‌క్రీమ్, అక్కడికి దగ్గర్లోనే తెల్లవారుజామున మూడింటికి దోసెలు వేసే బండి. డబ్బు ఖర్చు పెట్టకూడదనుకుంటే చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో రవీంద్రభారతిలోనో సాయంత్రం ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది, చాలావాటికి టికెట్ ఉండదు, సన్మానాలు ఓపిగ్గా భరిస్తే తర్వాత మంచి నాటకమో పాటో వినొచ్చు. రంజాన్ నెలలో మాత్రం ఒక్క రాత్రయినా పది దాటాక చార్మినార్ వెళ్లండి, బండి తీసుకెళ్లకండి.

చివరగా గోడ మీద క్యాలెండర్‌లో కొన్ని రోజులు ముందే గుర్తు పెట్టుకోవాలి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్, ఆ నెలన్నర సాయంత్రాలు అబిడ్స్ వైపు పని పెట్టుకోకండి. ఎల్బీ స్టేడియంలో సభ ఉంటే బషీర్‌బాగ్ దారి మళ్లిస్తారు, ఇందిరా పార్కు దగ్గర ధర్నా ఉంటే దోమలగూడ ఆగుతుంది. స్టార్ హీరో సినిమా మొదటిరోజు క్రాస్ రోడ్స్ వైపు వెళ్లనే వద్దు. గణేశ్ నిమజ్జనం రోజు బాలాపూర్ నుంచి వచ్చే ఊరేగింపు అబిడ్స్, బషీర్‌బాగ్, లిబర్టీ మీదుగానే ట్యాంక్‌బండ్‌కి పోతుంది, మర్నాటి దాకా సాగుతుంది. ఆ రోజు ఊరు వెళ్లాల్సి ఉంటే బండిని ముందురోజే చిక్కడపల్లి అవతల ఎక్కడైనా పెట్టుకోండి, పాల ప్యాకెట్లు, మందులు తెచ్చుకోండి, ఇంట్లో పెద్దవాళ్లకి ఆ వారంలో డాక్టర్ అపాయింట్‌మెంట్ ఏదైనా ఉంటే మార్చుకోండి.

దీపావళి వెళ్లిన ఒకటి రెండు రోజులకి నారాయణగూడ వైఎంసీఏ దగ్గర సదర్. యాదవుల పండగ, కొమ్ములకి రంగులు, మెడలో పూలదండలు, నూనె పట్టించి నిగనిగలాడే దున్నలు, హర్యానా నుంచి తెచ్చిన ముర్రా దున్నలు కూడా ఉంటాయి, డప్పుల మధ్య రాత్రంతా తిప్పుతారు. ఆ రాత్రి నిద్ర ఉండదు, అనుకోనే అనుకోకండి. మీ బాల్కనీ అటువైపు ఉందంటే టీ పొడి, పంచదార ఎక్కువే తెచ్చి పెట్టుకోండి, పది మంది చెప్పకుండా వచ్చేస్తారు.