ప్లాసెంటా అర్థాన్ని మిరపకాయ కోసి తెలుసుకునే విధానం

ప్లాసెంటా అనే మాట వృక్షశాస్త్రంలోనూ శరీర నిర్మాణ శాస్త్రంలోనూ ఉంది. తెలుగులోకి అనువదించేటప్పుడు రెండు చోట్లా జరాయువు (తల్లి గర్భంలోని మాయ) అని రాసేస్తే మాత్రం చదివేవారు తికమకపడతారు. ఈ తేడా తెలుసుకోవడానికి గుంటూరు వారికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు, బజ్జీలకు వాడే లావుపాటి మిరపకాయ ఒకటి చాలు.

కాయను తొడిమ నుంచి కొన వరకు నిలువునా చీల్చి, గింజలను దులపకుండా వెలుతురులో పెట్టి చూడాలి. తొడిమ వైపు నుంచి దిగిన మెత్తని తెల్లటి కండ, దానికి అతుక్కుని గింజలు కనిపిస్తాయి. ఆ కండే ఇక్కడి ప్లాసెంటా. పువ్వు దశలో, తర్వాత గింజలయ్యే అండాలు ఏర్పడేదీ, కాయ దశలో గింజలకు పోషకాలు అందేదీ దాని నుంచే. అండాల అమరికను మన పాఠ్యపుస్తకాలు అండన్యాసం అంటాయి కనుక దీనిని అండన్యాస స్థానం అనడం సబబు. సూదిమొనతో ఒక గింజను మెల్లగా పక్కకు లాగితే దానిని పట్టి ఉంచిన పొట్టి కాడ కనిపిస్తుంది, అది అండవృంతం. అది ఊడిన చోట గింజ మీద మిగిలే మచ్చ నాభి. దానిని చూడటానికి మిరపగింజ కన్నా నానబెట్టిన బొబ్బర గింజ మేలు.

ఇప్పుడు చాకుమొనను తెల్లటి కండకు తాకించి నాలుక చివర పెట్టుకుంటే సంగతి తెలుస్తుంది. కారానికి మూలమైన క్యాప్సైసిన్ తయారయ్యేది ఈ కండలోనే. గింజలు దానిని అంటించుకుంటాయే గాని తయారు చేయవు. బజ్జీకి గింజలు మాత్రమే తీసి, కండను వదిలేసిన వంటవారు కాయ ఘాటును నిందించడం అన్యాయం.

మనిషి శరీరంలో ప్లాసెంటా అంటే మాయ. గర్భాశయపు గోడకు అంటుకుని, బొడ్డుతాడు ద్వారా శిశువుకు ప్రాణవాయువునూ పోషకాలనూ అందించే ఈ అవయవం నెలలు నిండేసరికి సుమారు అర కిలో బరువుతో, ఇరవై సెంటీమీటర్లు దాటిన వెడల్పుతో గుండ్రని దిబ్బరొట్టెలా ఉంటుంది. లాటిన్‌లో ప్లాసెంటా అంటే బల్లపరుపు రొట్టె అనే అర్థం. మిరపకాయలోని కండకు రొట్టె పోలిక ఏమీ లేదు. మాయతో దాని పోలిక ఆకారంలో కాక పనిలో ఉంది. మొక్కలో ఆ కండ పూర్తిగా తల్లిదే. మాయలో తల్లి కణజాలంతో పాటు పిండం నుంచి పుట్టిన భాగం కూడా ఉంటుంది, అయినా ఇద్దరి రక్తం మామూలుగా కలవదు.

అనువాదంలో ఏ అర్థమో తేల్చుకోవడానికి అండాశయం, అండం అనే మాటలను ఆధారం చేసుకోకూడదు, అవి రెండు శాస్త్రాల్లోనూ ఉన్నాయి. పక్కన గర్భాశయం, బొడ్డుతాడు ఉంటే మాయ లేదా జరాయువు. ఫలదళం (పువ్వులో అండాశయాన్ని ఏర్పరచే భాగం), కీలాగ్రం (పుప్పొడిని అందుకునే కొన) ఉంటే అండన్యాస స్థానం. పశువుల గురించి రాసేటప్పుడు రైతులు వాడే మావి అన్న మాటే సూటిగా ఉంటుంది.