హమ్మురాబి శాసనం చదవాలంటే ముందు బొమ్మ చూడండి

పాతకాలంలో రాజు, దేవుడు, నీతి ఎలా కలిసిపోయాయో తెలుసుకోవాలంటే బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనంతో మొదలుపెట్టండి. క్రీ.పూ. 18వ శతాబ్దంలో చట్టాలు చెక్కించిన రాయి ఇది, 1901లో ఇప్పటి ఇరాన్‌లోని సూసాలో దొరికింది, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

నేరుగా చట్టాల్లోకి దూకకండి. ముందు ఫోటోలో రాతి పైభాగం జూమ్ చేసి చూడండి. సూర్యదేవుడు షమాష్ కూర్చుని ఉంటాడు, భుజాల నుంచి కిరణాలు లేస్తుంటాయి, చేతిలో కర్రా వలయం, ఎదురుగా రాజు చెయ్యెత్తి వినయంగా నిలబడి ఉంటాడు. చదువు రానివాడికి కూడా విషయం అర్థమైపోతుంది, రాజు మాట కాదంటే దేవుణ్ణి కాదన్నట్టే!

తర్వాత ముందుమాట చదవండి. బలవంతుడు బలహీనుణ్ణి పీడించకుండా చూడమని ఎన్‌లిల్, అను అనే దేవుళ్ళు తనను ఎంచుకున్నారంటాడు హమ్మురాబి. ఈ మాట గుర్తుపెట్టుకుని 196 నుంచి 199 వరకు చట్టాలు చూడండి. పెద్దమనిషి సాటి పెద్దమనిషి కన్ను పొడిస్తే కన్ను పోతుంది, సామాన్యుడి కన్నయితే ఒక మినా వెండి, అంటే దాదాపు అర కిలో, కడితే చాలు, బానిస కన్నయితే అతని ధరలో సగమే. 'కంటికి కన్ను' అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ ఎవరి కన్ను అన్నదే అసలు లెక్క. అందుకే ప్రతి చట్టం పక్కన ఎవరు, ఎవరికి చేశారో రాసుకుంటూ వెళ్ళండి.

చివర్లో శాపాలుంటాయి, బోర్ అని వదిలేయకండి. ఈ రాతలు చెరిపినవాణ్ణి దేవుళ్ళ పేర్లు పెట్టి మరీ తిట్టాడు. అయినా సూసాని ఏలిన ఎలామ్ రాజ్యం వాళ్ళు తర్వాతి కాలంలో ఆ రాయిని అక్కడికి ఎత్తుకుపోయారు, ముందువైపు కింది వరసలు కొన్ని చెరిపేసి ఉన్నాయి కూడా.