బెండు మునగకముందే చేప కాటు పసిగట్టడం ఎలా?

పర్లాకిమిడి పక్కన మహేంద్రతనయ నది ఒడ్డున గాలం వేసేవాళ్లు చాలామంది, దారానికి కట్టి నీటిపై తేలనిచ్చే బెండు బుడుంగున మునిగేదాకా కదలరు. పెద్ద చేపకైతే సరే. పరిగె, జిలేబి, గొరక లాంటి అరచేతి సైజు చేపలు అలా లాగవు. నీటితోపాటు ఎరను లోపలికి పీల్చి, గాలం ముల్లు తగలగానే ఉమ్మేస్తాయి. ఆలోపే పసిగట్టాలి.

ముందు సామాను తేలిక చేసుకోండి. 0.16 మిల్లీమీటర్ల నైలాన్ దారం, 12 లేదా 14 నంబరు ముల్లు, పెన్సిల్ కంటే సన్నని బెండు చాలు. రాలిన నెమలి ఈక కాడ దొరికితే ఇంకా మంచిది. లావు బెండు వాడితే చేపకు బరువు తెలిసి ఎర వదిలేస్తుంది.

అసలు కిటుకు సీసంలో ఉంది. బకెట్ నీళ్లలో బెండు వేసి, సీసం పూసలు ఒక్కొక్కటే దారానికి నొక్కుతూ, కొస సెంటీమీటరు మాత్రమే కనిపించేలా చూడండి. ఈ పనికి అరగంట పట్టినా పట్టనివ్వండి. చివరి పూస ముల్లుకు నాలుగు వేళ్ల ఎత్తులో, నీటి అడుగు నేలకు ఆనీ ఆననట్టు ఉండాలి. చేప ఎర నోట పెట్టుకుని పైకి లేస్తే ఆ పూస కూడా లేస్తుంది. బరువు తగ్గి బెండు మునగడానికి బదులు పైకి తేలుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది ఈ కాటునే.

ఎర్ర (వానపాము) ముక్క ముల్లు కప్పేంతే గుచ్చండి. తోక వేలాడితే అదే కొరుక్కుపోతాయి.

గాలం వేశాక బెండు నిలబడడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టండి. అయిదుకు నిలబడాల్సింది ఏడైనా పడుకునే ఉంటే, దిగే ఎరను దారిలోనే చేప అందుకుందని అర్థం. గాలికి ఎదురుగా బెండు జరిగినా అంతే. ఊరికే వణుకుతుంటే మాత్రం ఆగండి, అవి చేపపిల్లలు పొడుస్తున్న పొడుపులు.

అనుమానం రాగానే మణికట్టుతో చిన్నగా ఎత్తండి. చెయ్యంతా విసిరితే పెదవి చిరిగి చేప జారిపోతుంది. గాలి ఎక్కువైతే కర్ర కొస నీటికి ఆనించి దారం ముంచండి.

గునుపూరు దగ్గర వంశధార లాంటి పారే నీటిలో నేను బెండు తీసేస్తాను. దారాన్ని చూపుడు వేలి మీద వేసుకుని, అది నీటిలోకి దిగేచోటే చూస్తాను. వంగిన దారం కాస్త బిగిసినా, బిగిసింది ఉన్నట్టుండి వదులైనా వెంటనే ఎత్తేస్తాను.