డాబా మీది క్వాంటం లింకులో ఎర్రర్ పెరిగిపోతోందా? ముందు లేజర్‌కి మూత పెట్టి చూడండి

2020 డిసెంబర్‌లో మన హైదరాబాద్‌లోనే డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ ల్యాబుల మధ్య డీఆర్‌డీవో వాళ్లు క్వాంటం కీ (ఒక్కో ఫోటాన్, అంటే కాంతి రేణువు, మీద పంపే రహస్య తాళంచెవి, దారిలో ఎవడైనా దొంగ చూస్తే ఎర్రర్‌గా బయటపడుతుంది) పంపి చూపించారు, కాకపోతే అది ఫైబర్‌లో. గాల్లో, డాబా నుంచి డాబాకి బీబీ84 పద్ధతిలో పంపేటప్పుడు తిప్పలు వేరే ఉంటాయి. ఇందులో ఒక్కో బిట్‌ని ఫోటాన్ పోలరైజేషన్ (కాంతి ఊగే దిశ) మీద, నిలువు-అడ్డం, 45 డిగ్రీల ఏటవాలు అనే రెండు బేసిస్‌లలో ఒకదాంట్లో పంపుతాం; ఎర్రర్ అంటే అవతల తప్పుగా పడ్డ బిట్ల శాతం. గచ్చిబౌలిలో మా చిన్న లింకు దగ్గర పడ్డవే రాస్తున్నా.

రాత్రి బానే ఉంది, తెల్లారితే ఎర్రర్ ఎగిరిపోతోంది:
ఎండ వెలుతురే. లేజర్‌కి మూత పెట్టండి, అప్పుడు కూడా డిటెక్టర్‌లో వచ్చే కౌంటంతా చెత్తే. అందులో సగం బిట్లు తప్పుగానే పడతాయి, అంటే డిటెక్టర్ క్లిక్కుల్లో (పట్టిన ఫోటాన్లలో) 10 శాతం ఎండవైతే 5 శాతం ఎర్రర్ దానిదే. లేజర్ రంగుని మాత్రమే వదిలే సన్నటి బ్యాండ్‌పాస్ ఫిల్టర్, పిన్‌హోల్ పెట్టి, టైమ్ విండోని (ఒక్కో ఫోటాన్ కోసం డిటెక్టర్ క్లిక్కుల్ని లెక్కలోకి తీసుకునే సమయాన్ని) ఒకట్రెండు నానోసెకండ్లకి కుదించండి.

రాత్రి కూడా తగ్గట్లేదు:
మాకు రెండు వారాలు ఇక్కడే పోయాయి. మొత్తం ఎర్రర్ ఒక్కటే చూస్తే ఏమీ తెలీదు, రెండు బేసిస్‌లకీ విడివిడిగా లెక్కెయ్యాలి. రెండిట్లోనూ ఒకేలా ఉంటే అటూ ఇటూ యాక్సిస్ కలవలేదని, హాఫ్ వేవ్ ప్లేట్ (పోలరైజేషన్ దిశని తిప్పే పలక) తిప్పితే చాలు. నిలువు-అడ్డం బానే ఉండి 45 డిగ్రీలది మాత్రమే పాడైందా, గాలిని అనకండి, గాలి పోలరైజేషన్ జోలికి దాదాపు పోదు, దారిలో ఉన్న అద్దాలే నిలువు, అడ్డం తరంగాల మధ్య ఫేజ్ తేడా (ఒకటి కాస్త వెనకబడటం) తెస్తున్నాయి. రెండు క్వార్టర్ వేవ్ ప్లేట్ల మధ్య ఒక హాఫ్ ప్లేట్ పెట్టి సరిచెయ్యండి.

మధ్యాహ్నం కౌంట్ ఊగుతోంది:
మే నెల ఎండకి స్లాబ్ నుంచి లేచే సెగ. బీమ్‌ని పిట్టగోడ కంటే బాగా పైకి ఎత్తండి, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ల మీదుగా అసలు పోనివ్వొద్దు.

ఎర్రర్ 50 దగ్గరే ఆగిపోయింది:
ముందు టైమింగ్ అనుమానించండి. 2021లో అహ్మదాబాద్‌లో ఇస్రో గాల్లో 300 మీటర్ల దూరం చేసినప్పుడు రెండు వైపులా టైమ్ కలిపే సింక్ కోసం నావిక్ (జీపీఎస్ లాంటి మన వ్యవస్థ) రిసీవర్లు వాడింది.

11 శాతం దాటింది:
ఆ కీ పారెయ్యండి, ఆ గీత దాటితే కుదించాక రహస్యంగా ఏమీ మిగలదు; కారణం తర్వాత వెతకొచ్చు. ఎవడైనా ప్రతి ఫోటాన్‌నీ పట్టుకుని కొలిచి మళ్లీ పంపితే 25 శాతం వస్తుంది, కానీ కొన్నిటినే పట్టుకుంటే 11 లోపే ఉండిపోతుంది కదా. అందుకే "ఇది ఎండ వల్లే లే" అని కొంత తీసేసి లెక్కెయ్యొద్దు, దయచేసి. ఎర్రర్ మొత్తం దొంగ ఖాతాలోనే రాసి కీని అంత కుదించాలి, అలా చేస్తే 5 శాతం ఎర్రర్‌కే, అన్నీ ఆదర్శంగా ఉన్నా, సిఫ్టెడ్ కీలో (రెండు వైపులా ఒకే బేసిస్ పడ్డ బిట్లలో) మిగిలేది 43 శాతమే.