కొత్త వేరుశనగ రకానికి మారడం, నాలుగో పాఠం: రెండు రకాల్నీ ఒకే రోజు పీకొద్దు

పోయిన పాఠంలో ఐదు సెంట్లలో పాత రకం, పక్కనే ఐదు సెంట్లలో కొత్త రకం వేసి పోల్చుకోమని చెప్పాను కదా. బాపట్ల, చీరాల ఇసుక నేలల వైపు నుంచి చాలామంది వేశారు, పీకారు, తూకాలు కూడా పంపారు. ఎక్కువమంది రాసింది ఒకటే మాట: "కొత్త రకం కాపు బాగుందండీ, కానీ పప్పు లేదు, మా పాతదే నయం." ఈసారి విత్తనం నిల్వ గురించి చెబుదామనుకున్నాను, అది వచ్చే పాఠానికి జరిపేశాను. ఎందుకంటే మీ ఫొటోల్లో విప్పిన కాయలు చూశాను. పెంకు లోపల తెల్లగా, దూదిలా మెత్తగా ఉంది, గింజ పొర ముడతలు పడింది. అవి ముదరని కాయలు, అందులో రకం తప్పేమీ లేదు.

ఎప్పుడు పీకారని అడిగితే, రెండూ ఒకే రోజు అన్నారు. కూలీలు దొరికిన రోజే మొత్తం అయిపోవాలన్న టెన్షన్ అర్థమవుతుంది. కానీ ఐదు సెంట్లు ఇంట్లో వాళ్లు కలిసి ఒక పూటలో పీకేయొచ్చు. పాత రకం కన్నా పది రోజులు ఎక్కువ తీసుకునే రకాన్ని పాతదాని తేదీకే పీకేసి, కొత్తది పనికిరాదని తేల్చేయడం నాకు అసలు మింగుడుపడదు. ఎన్నో మంచి రకాలు ఊళ్లలో ఇలాగే ఆగిపోతాయి.

సంచి మీద రాసిన రోజుల్ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. రబీలో చలి ఎక్కువైతే పంట కాలం సాగుతుంది. ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి కాబట్టి పండిందనుకోవడం ఇంకో పొరపాటు. తిక్క ఆకుమచ్చ తెగులు వచ్చినా ఆకులు రాలతాయి, కింద కాయ మాత్రం పచ్చిగానే ఉంటుంది. చెప్పాల్సింది కాయే.

ఇలా చూడండి. గట్టు పక్క మొక్కలు వదిలేసి, మడి లోపల వేర్వేరు చోట్ల ఐదు మొక్కలు పీకండి. ఊడల (పూత నుంచి నేలలోకి దిగే కాడల) చివర అప్పుడే ఉబ్బుతున్న పిందెలు తీసేసి మిగతా కాయలన్నీ విప్పండి, బాగున్నవి ఏరుకుని విప్పితే లెక్క తప్పుతుంది. పెంకు లోపలి గోడ గోధుమ రంగుకో నలుపుకో తిరిగి, గింజ పొరకు ఆ రకం అసలు రంగు వచ్చి ఉంటే అది ముదిరిన కాయ. నూటికి 75 అలా ఉంటే పీకొచ్చు. నేనైతే 80 దాకా ఆగుతాను, వాన సూచన లేకపోతేనే. మరీ ఆగినా నష్టమే. గుత్తి రకాల్లో చాలావాటికి నిద్రావస్థ, అంటే గింజ కొన్నాళ్లు మొలవకుండా ఆగే గుణం, ఉండదు, తడి తగిలితే గింజ భూమిలోనే మొలకెత్తుతుంది, ఊడలు బలహీనపడి కాయలు నేలలో ఉండిపోతాయి.

ఇక తూకం. బస్తాల లెక్క నాకు పంపకండి, ఒక్కో ఊళ్లో ఒక్కో బస్తా. గలగలలాడేలా ఎండిన కాయ తూచండి. ఐదు సెంట్లలో పాతది 42 కిలోలు, కొత్తది 45 కిలోలు వచ్చాయనుకుందాం. ఇరవైతో గుణిస్తే ఎకరాకు 840, 900. కొత్తదే గెలిచినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు ఒక్కోదాంట్లో 200 గ్రాముల కాయ వలవండి. పాతది 146 గ్రాముల పప్పు ఇచ్చి, కొత్తది 132 ఇచ్చిందంటే 73 శాతం, 66 శాతం. ఎకరాకు పప్పు 613 కిలోలు, 594 కిలోలు. పచ్చిగా పీకడం వల్ల పోయేది ఈ పప్పే. పది రోజులు ఆగడానికి ఫిల్టర్ పాయింట్ (ఇసుక నేలలో దింపిన తక్కువ లోతు బోరు) నుంచి ఇంకో తడి పెట్టాల్సి వస్తే ఆ ఖర్చును కొత్త రకం ఖాతాలోనే రాయండి, అది న్యాయం. జిప్సం రెండింటికీ ఎకరాకు 200 కిలోల లెక్కన ఊడలు దిగే సమయానికి వేసే ఉంటారు, దాని గురించి మళ్లీ చెప్పను.

గుంటూరు వైపు మిర్చి రైతులు అడుగుతున్నారు, నచ్చితే వచ్చే ఏడే మొత్తం మార్చేయొచ్చు కదా అని. మిర్చికి పది గ్రాముల ప్యాకెట్లతో పని జరుగుతుంది. వేరుశనగకు ఎకరాకు 60 నుంచి 80 కిలోల గింజ కావాలి. మీ 45 కిలోల కాయ వలిచి, ఏరితే పాతిక కిలోల మంచి విత్తనం మిగలొచ్చు, అంటే 35 సెంట్లకు. మరుసటి పంటకు గానీ ఎకరం దాటలేరు. తమిళనాడులోని తిండివనంలో 1940లో విడుదలైన టీఎంవీ-2 వేరుశనగ రకం దశాబ్దాలపాటు మన చేలల్లో ఉండిపోవడానికి, కదిరి నుంచి 2005లో వచ్చిన కదిరి-6 రకం అందరికీ ఒక్కసారే చేరకపోవడానికి ఇదీ ఒక కారణం. మంచి సంగతేమిటంటే ఇది స్వపరాగ సంపర్కం జరిగే పంట, కల్తీ మొక్కలు ఏరేస్తూ ఉంటే సొంత విత్తనమే రెండు మూడేళ్లు వాడుకోవచ్చు.

అభ్యాసం కొంచెం పెద్దదే. పాత రకం పీకడానికి పది రోజుల ముందు మొదలుపెట్టి, ఐదు రోజులకోసారి రెండు మడుల్లోనూ కాయ విప్పి, ముదిరినవెన్నో నూటికి లెక్కగట్టి, తేదీతో నోట్‌బుక్‌లో రాయండి. కొత్తది పీకేదాకా ఆపొద్దు. విప్పిన కాయలు పక్కపక్కనే పెట్టి, ఎండలో కాకుండా నీడలో ఫొటో తీసి పంపండి, ఎండలో తీస్తే పెంకు రంగు తేలిపోతుంది. ఈ సీజన్‌లో రెండూ ఒకేసారి పీకినవాళ్లు ఆ కొత్త రకం గింజను విత్తనానికి ఉంచకండి, ముడతలు పడిన గింజ సరిగా మొలవదు, నూనెకు ఇచ్చేసి మంచి విత్తనం తెచ్చుకుని మళ్లీ ఐదు సెంట్లు వేయండి.