సరిహద్దు వార్త చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: గీత ఎక్కడ, సైన్యం ఎక్కడ?

పోయిన పాఠంలో ఇథియోపియా, ఎరిట్రియా ఎందుకు తగవు పడ్డాయో చూశాం. 1991లో భుజం కలిపి ఇథియోపియాను ఏలుతున్న దెర్గ్ అనే సైనిక ప్రభుత్వాన్ని కూలదోసిన మెలెస్ జెనావి (తర్వాత ఇథియోపియా నేత), ఇసయాస్ అఫెవెర్కి (తర్వాత ఎరిట్రియా నేత) వర్గాలే 1998 మేలో ఒకరి మీద ఒకరు తుపాకులు ఎక్కుపెట్టాయి. 1997లో ఎరిట్రియా నక్ఫా పేరుతో సొంత కరెన్సీ తెచ్చుకోవడంతో వ్యాపారం దగ్గర పేచీ ముదిరింది. కాల్పులు మొదలైంది మాత్రం సరిహద్దులోని బద్మే అనే చిన్న ఊరి దగ్గర. రెండేళ్లలో 70 వేల నుంచి లక్ష మంది దాకా చనిపోయారని అంచనా. ఆ సంఖ్యను మనసులో పెట్టుకుని ఈ పాఠం చదవండి.

ఈసారి నేర్చుకునేది ఒక్కటే. సరిహద్దు తీర్పు వచ్చినప్పుడు ఎవరు గెలిచారో ఎవరి ప్రకటననూ నమ్మకుండా మనమే తేల్చుకోవడం.

2000 డిసెంబర్ 12న అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లో రెండు దేశాలూ సంతకాలు చేశాయి. ఐదుగురు సభ్యుల సరిహద్దు కమిషన్ ఏం చెప్పినా అదే తుది మాట అని ఒప్పుకున్నాయి. 2002 ఏప్రిల్ 13న తీర్పు వచ్చింది. గెలిచింది మేమేనని రెండు ప్రభుత్వాలూ ప్రకటించుకున్నాయి! బద్మే మాకే వచ్చిందని ఇథియోపియా గట్టిగా చెప్పింది. అలా ఎలా కుదిరిందంటే, గీత ఎటు వెళ్తుందో చెప్పే తుది భాగంలో బద్మే పేరే లేదు. ఆ ప్రాంతం గురించి నదులు, అవి కలిసే చోట్లు మాత్రమే ఉన్నాయి.

కాబట్టి పెన్సిల్, స్కేలు తీసుకోండి. మ్యాపులో కింద సెటిట్ నది (ఇథియోపియాలో దీన్నే తెకెజె అంటారు), పైన మెరెబ్ నది కనిపిస్తాయి. సెటిట్‌లో టొమ్సా వాగు కలిసే చోట ఒక చుక్క పెట్టండి. మెరెబ్‌లో మై అంబెసా వాగు కలిసే చోట ఇంకో చుక్క. రెండింటినీ తిన్నగా కలపండి. ఇప్పుడు బద్మే వెతకండి. అది గీతకు పడమర వైపు, అంటే ఎరిట్రియాలో పడుతుంది. కమిషన్ కూడా 2003లో ఇదే మాట స్పష్టం చేసింది. ఈ గీతకు ఆధారం ఎప్పటిదో తెలుసా? కునామా తెగ ఎరిట్రియాకే చెందాలన్న 1902 నాటి ఒప్పందం.

సగం పని అయింది. ఇక అసలు ప్రశ్న: గీత మీద ఎవరి సైన్యం ఉంది?

తీర్పు వచ్చినా ఇథియోపియా బద్మేను వదల్లేదు. ఎరిట్రియా వైపు 25 కిలోమీటర్ల వెడల్పున ఏర్పాటు చేసిన జోన్‌లో ఐక్యరాజ్యసమితి దళాలు కాపలా కాశాయి. వాళ్లలో మన భారత సైనికులూ ఉన్నారు. 2008లో ఆ మిషన్ కూడా ముగిసిపోయింది. 2018 జూన్‌లో ఇథియోపియా ప్రధాని అబియ్ అహ్మద్ ప్రభుత్వం తీర్పును పూర్తిగా ఒప్పుకుంటున్నామంది. జూలై 9న ఎరిట్రియా రాజధాని అస్మరాలో సంతకాలు, 18న రెండు రాజధానుల మధ్య 20 ఏళ్ల తర్వాత తొలి విమానం. విడిపోయిన కుటుంబాలకు అది నిజంగా పండగే. అయినా సంతకాలైన వెంటనే బద్మే చేతులు మారలేదు. అందుకే నేను నోట్‌బుక్‌లో సంతకం తేదీ పక్కన ఎప్పుడూ ఇంకో గడి గీస్తాను: సైన్యం వెనక్కి వెళ్లిన తేదీ. అది ఖాళీగా ఉన్నంతకాలం ఆ పేజీ మూయను.

అభ్యాసం: నైజీరియా, కామెరూన్ మధ్య బకాస్సీ ద్వీపకల్పం కేసు తీసుకోండి. అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు 2002 అక్టోబర్ 10న వచ్చింది, అంటే మన కేసు తీర్పు వచ్చిన ఏడాదే. అక్కడ నైజీరియా సైన్యం ఎప్పుడు వెనక్కి వెళ్లింది, పూర్తి అప్పగింత ఎప్పుడు జరిగింది, మధ్యలో ఏ ఒప్పందం అవసరమైంది అన్నవి వెతికి రాయండి. బద్మే పేజీ పక్కనే పెట్టుకోండి. 4వ పాఠంలో ఎరిట్రియాలోని అసబ్ రేవు దగ్గరికి వెళ్దాం, అప్పుడు ఈ రెండు పేజీలూ కావాలి.