పాత కంప్యూటర్‌లో లైనక్స్ బూట్ మధ్యలోనే ఆగిపోతే ఏం చేయాలి?

పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ అప్‌డేట్ చేశాకో, కొత్తగా ఇన్‌స్టాల్ చేశాకో కంపెనీ లోగో వస్తుంది, ఆ తర్వాత తెర నల్లగా ఉండిపోతుంది. టెన్షన్‌లో చాలామంది వెంటనే ఫార్మాట్ చేసేస్తారు. దయచేసి ఆగండి. కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే లైనక్స్ మూలభాగం) ఆగిందంటే ఫైళ్లు పోయాయని కాదు. చాలాసార్లు ఏదో ఒక డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) పాత హార్డ్‌వేర్ నుంచి జవాబు రాక కాచుకుని ఉంటుంది. ఆ డ్రైవర్ ఏదో తేలితే సగం పని అయిపోయినట్టే. ఉబుంటు, మింట్, డెబియన్ నడిచే మామూలు ఇంటెల్, ఏఎండీ మెషీన్లకు పనికొచ్చే పద్ధతి ఇది.

నిజంగా ఆగిందా?

రెండు మూడు నిమిషాలు వదిలేయండి. పాత డిస్క్ జవాబివ్వకపోతే కెర్నల్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, దానికి సమయం పడుతుంది. తర్వాత క్యాప్స్ లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా లైటు మారుతుంటే కెర్నల్ బతికే ఉంది, పోయింది బొమ్మ మాత్రమే. లైటు దానంతట అదే మిణుకుతుంటే కెర్నల్ ప్యానిక్, అంటే కోలుకోలేని లోపం వచ్చి కెర్నల్ తానే ఆగిపోయింది. ఏ స్పందనా లేకపోతే బిగుసుకుపోయినట్టే. యూఎస్‌బీ కీబోర్డుతో మాత్రం ఈ పరీక్షను నమ్మలేం, దాని డ్రైవర్ ఇంకా లోడ్ కాకపోయి ఉండొచ్చు.

తెర మీద 90 సెకన్ల లెక్క నడుస్తూ కనిపిస్తే తప్పు కెర్నల్‌ది కాదు. ఏదో డిస్క్ కోసమో స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ భాగం) కోసమో సిస్టమ్‌డీ, అంటే కెర్నల్ తర్వాత మిగతా సర్వీసులను మొదలుపెట్టే ప్రోగ్రామ్, ఎదురుచూస్తోంది. బూట్‌లో జోడించాల్సిన డిస్కుల జాబితా ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఇప్పుడు లేని డిస్క్ పేరు మిగిలి ఉందేమో చూడండి.

పాత కెర్నల్‌తో ఒకసారి

మెషీన్ ఆన్ చేయగానే షిఫ్ట్ పట్టుకోండి. యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త రకం) ఉన్నదైతే ఎస్కేప్ నొక్కండి. ఏ కెర్నల్‌తో లేవాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, ఒక మెట్టు పాత కెర్నల్‌ను ఎంచుకోండి. అది మామూలుగా లేస్తే మీ హార్డ్‌వేర్ దాదాపు బాగున్నట్టే, తేడా కొత్త కెర్నల్‌లోనో దాని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోనో (బూట్ మొదట్లో కావలసిన డ్రైవర్లుండే ఫైల్) ఉంది. బూట్ విభాగం నిండిపోయి ఆ ఫైల్ సగమే రాయబడటం చాలా మామూలు సంగతి. ఒకసారి ఖాళీ ఎంత ఉందో చూడండి. నిండి ఉంటే వాడని కెర్నళ్లు తీసేసి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ను మళ్లీ తయారు చేయించండి.

కెర్నల్ చేత మాట్లాడించడం

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. దీన్ని వదిలేసి ఎక్కడో చదివిన ఆప్షన్లన్నీ ఒకేసారి దట్టిస్తే, బూట్ అయినా దేనివల్ల అయిందో తెలియదు.

గ్రబ్ మెనూలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం నొక్కండి. 'లైనక్స్' అనే మాటతో మొదలయ్యే లైను చివర 'క్వైట్', 'స్ప్లాష్' అని ఉంటాయి. రెండూ చెరిపేసి, కంట్రోల్-ఎక్స్ గానీ ఎఫ్10 గానీ నొక్కండి. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే, కాబట్టి భయం లేదు. ఇప్పుడు మెసేజ్‌లు వరసగా పరుగెడతాయి. ఫోన్‌లో వీడియో తీసి, చివరి పది పదిహేను లైన్లు నింపాదిగా చదవండి.

ఆఖరి లైనే దోషి అనుకోవద్దు. అది అప్పటికే పూర్తయిన పని, ఆగింది దాని తర్వాతి పనిలో. క్లాక్‌సోర్స్ (కెర్నల్ సమయం లెక్కపెట్టే ఆధారం) టీఎస్‌సీకి మారిందన్న లైను దగ్గర ఆగితే చాలామంది గడియారాన్ని తప్పుపడతారు. తీరా చూస్తే గ్రాఫిక్స్ దగ్గరో డిస్క్ దగ్గరో ఆగి ఉంటుంది.

కచ్చితంగా పట్టుకోవాలంటే అదే లైను చివర 'ఇనిట్‌కాల్_డీబగ్', 'ఇగ్నోర్_లాగ్‌లెవెల్' అనే రెండు మాటలు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో చేర్చండి. అప్పుడు ప్రతి డ్రైవర్ మొదలైనప్పుడు 'కాలింగ్' అని, ముగిసినప్పుడు 'రిటర్న్‌డ్' అని పడుతుంది. 'కాలింగ్' పడి 'రిటర్న్‌డ్' పడనిదే మొదటి అనుమానితుడు.

ఒక్కో ఆప్షన్ చొప్పున

గ్రాఫిక్స్ దగ్గర ఆగితే, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పక్కన పెట్టే 'నోమోడ్‌సెట్' చేర్చి చూడండి. పాత ఎన్‌విడియా కార్డులో దీనితో లేస్తే అనుమానం నూవో (ఎన్‌విడియా కార్డులకు ఓపెన్ సోర్స్ డ్రైవర్) మీదికి పోతుంది. ఆ ఒక్కదాన్నే బ్లాక్‌లిస్ట్ చేసి, అంటే లోడ్ కాకుండా ఆపి చూడండి.

డిస్క్ దగ్గర ఏటీఏ ఎర్రర్లు, కామ్‌రీసెట్ ఫెయిల్డ్ అని కనిపిస్తే ఆప్షన్లకు ముందు సాటా కేబుల్ (డిస్క్‌ను బోర్డుకు కలిపేది) మార్చండి. లోపం అక్కడే ఉండటం తక్కువేమీ కాదు.

2013 నుంచి వచ్చిన ఇంటెల్ బే ట్రెయిల్ చిప్‌లకు, అంటే సెలెరాన్ జే1900, ఎన్2830 లాంటివాటికి, ప్రాసెసర్ నిద్రావస్థల్లో బిగుసుకుపోయే జబ్బు బాగా తెలిసినదే. వాటికి 'ఇంటెల్_ఐడిల్.మ్యాక్స్_సీస్టేట్=1' పనిచేస్తుంది, కాకపోతే బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

'ఏసీపీఐ=ఆఫ్' (పవర్, హార్డ్‌వేర్ వివరాలను బయోస్ కెర్నల్‌కు అందించే ఏర్పాటును ఆపేది) మాత్రం ఆఖరి అస్త్రంగానే వాడండి, అదీ పరీక్ష కోసమే. దాన్ని శాశ్వతంగా పెట్టుకుంటే బ్యాటరీ లెక్క పోతుంది, షట్‌డౌన్ సరిగా కాకపోవచ్చు, కొన్ని మెషీన్లలో ఒక్క కోరే పనిచేస్తుంది. ఏసీపీఐ దగ్గరే తేడా ఉందని తేలితే 'పీసీఐ=నోఏసీపీఐ', 'నోఏపిక్' లాంటి తేలికైనవి ఒక్కొక్కటిగా ప్రయత్నించండి.

కెర్నల్ 5.4 కన్నా పాతదై, లాగిన్ తెర రాబోయే ముందు ఆగితే కాసేపు కీలు నొక్కుతూ మౌస్ కదపండి. ఇది మూఢనమ్మకం కాదు. 2019లో 5.3 తయారవుతుండగా ఎక్స్‌ట్4 (లైనక్స్ డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి)లో చేసిన ఒక మెరుగుదల డిస్క్ పనిని తగ్గించింది. కీలు, మౌస్, డిస్క్ కదలికల నుంచే ర్యాండమ్ నంబర్లకు ముడిసరుకు వస్తుంది. దాంతో అది చాలక, కొన్ని మెషీన్లలో లాగిన్ తెర రాకుండా ఆగిపోయింది. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. ముడిసరుకును కెర్నల్ తానే సమకూర్చుకునే ఏర్పాటు 5.4లో వచ్చింది.

ఒక్క మెసేజ్ కూడా రాకపోతే

ప్రాసెసర్ సంగతి చూడండి. 32-బిట్ చిప్ మీద 64-బిట్ కెర్నల్ నడవదు. తొలి తరం పెంటియమ్-ఎం చిప్‌లు పీఏఈ (4 జీబీకి మించిన మెమరీని వాడే సౌకర్యం) ఉన్నా లేదని చెబుతాయి, వాటికి 'ఫోర్స్‌పీఏఈ' చేర్చాలి. ఉబుంటు 17.10 నుంచి 32-బిట్ డెస్క్‌టాప్ ఇమేజ్ ఇవ్వడం మానేసింది. డెబియన్‌లో 32-బిట్ ఇన్‌స్టాలర్ ఉన్న ఆఖరి వెర్షన్ 12.

ప్రాసెసర్‌తో ఇబ్బంది లేదని తేలితే, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ను రాత్రంతా నడపండి. ర్యామ్ ముక్కలు రెండుంటే ఒక్కోటి తీసి చూడండి.

పనిచేసినదాన్ని నిలుపుకోవడం

ఈటీసీ ఫోల్డర్‌లోని డీఫాల్ట్ ఫోల్డర్‌లో గ్రబ్ అనే ఫైల్ ఉంటుంది. గ్రబ్_సీఎండీలైన్_లైనక్స్_డీఫాల్ట్ అన్న లైనులో మీకు పనికొచ్చిన ఆ ఒక్క ఆప్షన్ రాసి, సూడోతో (అడ్మిన్ హక్కుతో) అప్‌డేట్-గ్రబ్ కమాండ్ నడపండి. పెద్ద కెర్నల్ అప్‌డేట్ వచ్చినప్పుడు దాన్ని తీసి ఒకసారి బూట్ చేసి చూడండి, లోపం ఈలోగా సరిచేసి ఉండొచ్చు.

ఇంకా తేలకపోతే మీ డిస్ట్రోకు (ఉబుంటు, మింట్ లాంటి మీరు వాడే లైనక్స్ రకానికి) బగ్ రిపోర్ట్ పెట్టండి. మెషీన్ మోడల్, బయోస్ వెర్షన్, చివరగా పనిచేసిన కెర్నల్, మొదట ఆగిన కెర్నల్, ఇనిట్‌కాల్ మెసేజ్‌ల ఫోటో జతచేయండి. 'నా కంప్యూటర్ లేవట్లేదు' అని మాత్రమే రాస్తే డెవలపర్‌కు ఎక్కడ వెతకాలో తెలియదు. ఆ రెండు కెర్నళ్ల నంబర్లు ఇస్తే మధ్యలో చేరిన మార్పుల్లోనే వెతుకుతారు.